ఎల్లేష్‌కు రాత్రయిన పూట

విద్యావతి చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ఆగిపోయిందనడం కన్నా ఆపేశారనడం న్యాయం. ఫస్ట్ క్లాసులో పాసైన నెలలోనే కిషన్ రావుకిచ్చి పెళ్ళి చేశారు, చిక్కడపల్లిలో కాపురం పెట్టించారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా, పేరంటంలోనో పెళ్ళిలోనో ఎవరైనా "మీరేం చదువుకున్నరు?" అని అడిగితే చాలు, ఆవిడకు ఏదో ఒక పని గుర్తొచ్చి అక్కణ్ణించి లేచిపోయేది. అటువంటి ఇంటర్ చదువు ఒకరికి అవసరపడుతుందని, అంతకన్నా ఒక్క మెట్టు ఎక్కువ చదివి ఉంటే పనికిరాకుండా పోయేదని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

ఆ ఒకరి పేరు ఎల్లేష్.

బాగ్ లింగంపల్లిలోని పఠన కేంద్రంలో చూపులేనివాళ్ళకు పుస్తకాలు చదివి వినిపించే మనుషులు కావాలని పక్కింటావిడ చెబితే విద్యావతి వెళ్ళింది. కిషన్ రావుకు నారాయణగూడలో రబ్బరు స్టాంపుల దుకాణం. "ఇన్నేండ్లు నీ గొంతు నేనొక్కడినే విన్న. ఇంకెవరన్న గూడ విననియ్యి" అని ఆటపట్టిస్తూనే ఆయన స్కూటర్ మీద తీసుకెళ్ళి దింపాడు. అక్కడ ఆవిడకు అప్పగించిన మొదటి మనిషే ఎల్లేష్. ముప్ఫై దాటినవాడు, నల్లకళ్ళద్దాలు, మడత నలగని చొక్కా. మహబూబ్‌నగర్ వైపు నుంచి కూలికి వచ్చిన బుగ్గమ్మ కొడుకు. తల్లి ఇటుకలు మోస్తున్న చోట ఆడుకుంటూ చిన్నప్పుడే ఉడుకు సున్నంలో పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కళ్ళు రెండూ పోయాయి. వెలుగేదో చీకటేదో కూడా తెలియనంతగా పోయాయి. అయినా డిగ్రీ పూర్తి చేశాడు, అశోక్ నగర్‌లో ఒక హాస్టల్ గదిలో మంచం అద్దెకు తీసుకుని గ్రూప్ పరీక్షకు చదువుతున్నాడు.

చూపులేనివాళ్ళు పరీక్ష రాయాలంటే పక్కన స్క్రైబ్ అని ఒక మనిషి ఉండాలి. ప్రశ్న చదివి వినిపించి, వాళ్ళు చెప్పిన జవాబుకు గుండ్రం నింపడం ఆ మనిషి పని. చదువు మాత్రం పరీక్ష రాసేవాళ్ళ కన్నా తక్కువ ఉండాలి, లేకపోతే జవాబులు ఎవరివో తెలియవు కదా. ఎల్లేష్ డిగ్రీ, విద్యావతి ఇంటర్. "అమ్మా, మీరు గనక డిగ్రీ చదివుంటే నేను మునిగిపోదును" అని అతను అన్నప్పుడు, తన చదువు ప్రస్తావన వచ్చిన చోట విద్యావతి మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వింది.

అతనికి ఒకసారి చదివితే చాలు. రాజ్యాంగంలోని అధికరణలకు సిటీ బస్సు నంబర్లతో ముడిపెట్టి గుర్తుంచుకునేవాడు. ఆ ముళ్ళు విద్యావతికి కూడా పట్టుబడి, పప్పు తాలింపు పెడుతూ ప్రాథమిక హక్కులు వల్లించడం మొదలుపెట్టింది. కిషన్ రావు కంచం ముందు కూర్చుని, "నాకు గూడ ఒక హక్కున్నది, జర చారు పొయ్యి" అనేవాడు.

ఇలా మూడు వారాలు గడిచాయో లేదో, ఎల్లేష్ కునికిపాట్లు పడడం మొదలుపెట్టాడు. ఆవిడ ఇక్కడ గొంతు చించుకుని కాకతీయుల చెరువుల గురించి చదువుతుంటే, అక్కడ అతని తల బల్ల మీదికి వాలిపోయేది. తర్వాత రావడమే మానేశాడు. ఫోన్ చేస్తే గదిలో ఉండే వెంకటేశ్ ఎత్తి, "అన్న పండుకున్నడు ఆంటీ" అనేవాడు. అప్పుడు పట్టపగలు పన్నెండు గంటలు. విద్యావతికి ఒళ్ళు మండింది. తను మోకాళ్ళ నొప్పితో రెండు వీధులు దాటి వస్తుంటే ఈయనగారికి మధ్యాహ్నపు నిద్రలా అనుకుంది. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని మొగుడి దగ్గర సణిగింది కూడా.

కొన్నాళ్ళకు మళ్ళీ ఏమీ జరగనట్టు, తలంటుకున్నవాడిలా తేటగా వచ్చి కూర్చున్నాడు. ఆవిడ పుస్తకం తెరవలేదు.

"ఏందిది ఎల్లేషూ? నేను జీతం తీసుకుంటున్ననా, మీద పడి చదవనీకె? ఇష్టం లేకుంటే చెప్పు."

"అమ్మా, నేను పండుకుందామని పండుకుంటలేను" అన్నాడతను. "నా రాత్రి ఒక్క కాడ ఉండదు. ఇయ్యాల పదింటికి నిద్రొస్తే రేపు ఇంకొంచెం లేటయితది, ఎల్లుండి ఇంకొంచెం. అట్ల జరుక్కుంట జరుక్కుంట మీరందరు లేచి చాయ్ తాగే యాళ్లకు నాకు రాత్రయితది. మళ్ల తిరిగి తిరిగి దారికొస్తది. చిన్నప్పటి నుంచి గింతే. ఎవలకు చెప్పినా నవ్విండ్రు. గుడ్డోనికి రాత్రేంది పగలేంది, బద్ధకమన్నరు. నేను గూడ గదే అనుకున్న."

ఆ వారమే విద్యావతి అతన్ని హైదర్‌గూడలో నిద్ర జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పని మానుకుని బుగ్గమ్మ కూడా వచ్చింది.

డాక్టరు అన్నీ విని, "ఇది బద్ధకం కాదమ్మా, జబ్బే" అన్నాడు. "మన ఒంట్ల ఒక గడియారం ఉంటది. ఎవ్వరిది గూడ సరిగ్గ తిరగది, కొంచెం అటిటు ఉంటది. పొద్దున వెలుతురు కంట్ల పడంగనే సర్దుకుంటది. ఈయన కంట్ల వెలుతురు పడది గద, అందుకే సర్దేటోడు లేక రోజు కొంచెం కొంచెం జారిపోతది. మొత్తానికే చూపు లేనోళ్ళల్ల మస్తుమందికి ఈ జబ్బుంటది."

విద్యావతికి తన వంటింటి గోడ గడియారం గుర్తొచ్చింది. అది వారానికింత వెనకబడుతుంది, ప్రతి ఆదివారం కిషన్ రావు స్టూలెక్కి ముల్లు తిప్పుతాడు. ఇతనికి అంత మాత్రం చేసే దిక్కు లేకపోయింది ఇన్నేళ్ళూ.

బుగ్గమ్మ కుర్చీలో నుంచి జారి నేల మీద కూర్చుంది. "సారూ, బడికి లేస్తలేడని చిన్నప్పుడు కట్టెతోటి కొట్టిన నేను" అంది. "దర్గా కాడ తావీజు కట్టిచ్చిన, నీళ్ళు జల్లిన, ఎన్నిసార్లు కొట్టిన్నో. వాడు నిద్రల్నే ఏడుస్తుండె సారూ. కండ్లు లేనోన్ని, నిద్రల ఉన్నోన్ని కొట్టిన."

ఎల్లేష్ తడుముకుంటూ వంగి తల్లి భుజం పట్టుకున్నాడు. "నీకేమెర్కనే అవ్వా, నాకే ఎర్కలేకపాయె" అన్నాడు.

డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. కొందరికి నిద్ర కుదురుకుంటుంది, నెలలు పట్టవచ్చు, నిద్ర మామూలు రాత్రికి దగ్గరగా ఉన్నప్పుడు మొదలుపెడితే త్వరగా పట్టు దొరకవచ్చని చెప్పాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే పరీక్ష తేదీ వచ్చింది. ఇద్దరూ కూర్చుని లెక్క చూసుకుంటే, ఆ తేదీకి ఎల్లేష్ రాత్రి చక్కగా అందరి రాత్రితో కలిసి ఉంటుంది. మంచి వారాలు. విద్యావతి ఆ సంతోషంలో ఇంటికొచ్చి సేమ్యా పాయసం చేసింది. మాత్ర రెండు రోజులు వేసుకుంటే పగలు తల దిమ్మెక్కినట్టుందని ఎల్లేష్ అన్నాడు. "అయితే ఇప్పుడెందుకు బిడ్డా, నిద్ర ఎట్లాగో దారికొస్తుంది గద. పరీక్ష అయినంక మొదలుపెడదాం" అంది విద్యావతి. ఆ పూటకు అది తెలివైన మాటలాగే వినిపించింది. దాన్ని తలుచుకుని ఆవిడ తర్వాత ఎన్నిసార్లు తల బాదుకుందో చెప్పలేం.

నోటిఫికేషన్ రావడమే పుష్కరానికోసారి. ఈసారి కాకపోతే కొడుకుని తీసుకుని ఊరికి పోతానని బుగ్గమ్మ తేల్చి చెప్పేసింది. నడుము ఇంక ఇటుకలు మోయనంటోంది. హాస్టల్ కిరాయి ఆ నడుము మీదినుంచే వస్తోంది.

పరీక్ష ఇంకో పక్షం ఉందనగా అశోక్ నగర్ అంటుకుంది. ఒక పరీక్ష వెనకే ఇంకో పరీక్ష పెట్టారు, చదవడానికి వ్యవధి లేదు, వాయిదా వెయ్యాలి అని పిల్లలంతా రోడ్డెక్కారు. చాయ్ బండ్ల దగ్గర అదే మాట, పుస్తకాల దుకాణాల ముందు అదే మాట. వాళ్ళ బాధ వాళ్ళది, కాదనలేం. వెంకటేశ్ వచ్చి ఎల్లేష్ మంచం మీద కూర్చున్నాడు.

"అన్నా, రేపు చౌరస్తాల కూసుంటున్నం. నువ్వు ముందు వరుసల ఉండాలె. నిన్ను చూస్తే పోలీసోళ్ళు లాఠీ లేపరు. పేపరోళ్ళు గూడ ఫోటో తీస్తరు."

ఈ సంగతి తెలిసి విద్యావతి ఆటో ఎక్కి హాస్టల్‌కు వచ్చింది. గుమ్మంలోనే పట్టుకుంది. "నీకేమన్న మతి పోయిందా? ఆ తేదీ జరిగితే నీ గతేంది? నీ నిద్ర నీ చెప్పుచేతల్ల ఉన్నదా?"

"ఎంకటేశ్ రెండేండ్ల సంది నాకు పాఠాలు ఫోన్ల రికార్డు చేసిస్తుండమ్మా. పొద్దుగాల స్నానానికి వాడే తీస్కపోతడు. ఇన్ని దినాలకు ఒక్కటడిగిండు. ఎట్ల రాననాలె?"

"నీకు నష్టమని చెప్పు. అర్థం చేసుకోడా?"

"గంతమంది పరేషాన్ల ఉన్నరు. నా ఒక్కని నిద్ర కోసం మీరు పరీక్ష రాయుండ్రి అనాల్నా?" అని నవ్వాడు. "అయినా వాయిదా పడదులే అమ్మా. మేం కూసుంటే పడుతదా? పడ్డా గూడ, నా మంచి దినాలు మళ్ల తిరిగొస్తయి గద."

అతని గొంతులో ఇంకోటి కూడా వినబడింది విద్యావతికి. పుట్టి బుద్ధెరిగాక అందరూ అతన్ని వెనక్కి నెట్టినవాళ్ళే, పక్కకి జరగమన్నవాళ్ళే. ముందు వరుసలో కూర్చోమని అడిగింది వెంకటేశ్ ఒక్కడే. అది అర్థమయ్యాక ఆవిడ మెట్లు దిగివచ్చేసింది.

మర్నాడు ఎల్లేష్ ముందు వరుసలో కూర్చున్నాడు. అందరి కన్నా గట్టిగా అరిచాడు. ఆ మరుసటి రోజు పేపర్లో, నల్లకళ్ళద్దాలతో పిడికిలి ఎత్తి ఉన్న అతని ఫోటోను కిషన్ రావు చాయ్ తాగుతూ భార్యకు చూపించి, ఆవిడ ముఖం చూసి పేపరు మడిచేశాడు. వారం తిరగకుండా పరీక్ష వాయిదా పడింది. అశోక్ నగర్‌లో పటాకులు కాల్చారు, మిఠాయిలు పంచారు, ఎల్లేష్‌ను భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు. ఎవరో నోట్లో మైసూర్‌పాక్ పెడితే తింటూ నవ్వాడట. తన గొయ్యి తానే తవ్వుకున్న మనిషిని జనం భుజాల మీద మోయడం లోకంలో ఉన్నదే గానీ, ఇంత ప్రేమగా మోయడం తక్కువ.

కొత్త తేదీ వచ్చిన రోజు విద్యావతి వేళ్ళు ముడిచి లెక్కపెట్టింది. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ పెట్టింది. ఆ తేదీన పొద్దున పరీక్ష. ఎల్లేష్ రాత్రి సరిగ్గా ఆ పొద్దుటే మొదలవుతుంది. ఆవిడ బియ్యం చేటతోనే గోడకానుకుని కూర్చుండిపోయింది.

అప్పుడు మొదలుపెట్టారు మాత్రలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. నిద్ర అప్పటికే జారడం మొదలైంది, మాత్రలకు అందలేదు. ఇంత కొద్ది రోజుల్లో వెనక్కి లాగలేమని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. ముందురోజు బాగా పడుకుంటే సరిపోదా అని విద్యావతి అడిగితే, పడుకుంటానంటే వచ్చేది కాదని, ఒళ్ళు ఇది రాత్రి అనుకున్నప్పుడు దాన్ని మేలుకోమనడం మనల్ని నడిరేయి లేపి లెక్కలు చెయ్యమనడమేనని అన్నాడు. పరీక్ష సాయంత్రానికి మార్చమని అడగడానికి పరీక్షల ఆఫీసుకు కూడా వెళ్ళారు. అక్కడి గుమాస్తా మంచివాడే, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. "కండ్లు లేవంటే గంట ఎక్కువిస్తరమ్మా, అది రూల్ల ఉన్నది. నిద్రొస్తదంటే ఏమిస్తరు?" అన్నాడు.

పరీక్ష రోజు విద్యావతి నారాయణగూడలోని ఆ కాలేజీ గేటు దగ్గరికి చేరేసరికి, బుగ్గమ్మ కొడుకు మోచెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఎల్లేష్ మూడు చాయ్‌లు తాగాడు, ముఖం కడుక్కుని కడుక్కుని చొక్కా కాలరు తడిసిపోయింది. నవ్వబోయాడు గానీ పెదవులు సహకరించలేదు.

"ఎట్లున్నది బిడ్డా?"

"కాళ్ళు నావి కానట్టున్నయమ్మా. మీరు మాట్లాడుకుంటనే ఉండుండ్రి. మీ గొంతు పట్టుకోని ఉంట."

వాళ్ళకు విడిగా ఒక చిన్న గది ఇచ్చారు. ఒక బల్ల, రెండు కుర్చీలు, తలుపు దగ్గర ఇన్విజిలేటర్‌గా ఒక లెక్చరరమ్మ. గంట కొట్టగానే విద్యావతి చదవడం మొదలుపెట్టింది. మొదటి కొన్నింటికి ఎల్లేష్ ఠక్కున చెప్పాడు. ఆవిడ గుండ్రాలు నింపుతూ, దేవుడు చల్లగా చూస్తే గట్టెక్కుతాం అనుకుంది. తర్వాత ప్రశ్నకూ జవాబుకూ మధ్య జాగా పెరిగింది. "మళ్ల ఒకపారి చదువుండ్రి" అన్నాడు. రెండోసారి చదివేలోపు తల వాలింది. ఆవిడ భుజం తడితే ఉలిక్కిపడి లేచాడు. ఇన్విజిలేటర్ వద్దనలేదు. తన సీసాలో నీళ్ళిచ్చి, కిటికీ దగ్గర ముఖం కడిగించింది కూడా.

"మూసీ ఏ నదిలో కలుస్తుంది?" అని చదివింది విద్యావతి. "ఎ గోదావరి, బి కృష్ణ, సి మంజీర, డి భీమ."

"సి."

ఆవిడ పెన్ను ఆగిపోయింది. "ఇంకొకసారి చదవనా?"

"సి అన్న గదమ్మా" అన్నాడు ఎక్కడో దూరం నుంచి మాట్లాడుతున్నట్టు.

అతను చెప్పిందే నింపాలి. విద్యావతి 'సి' నింపింది. తప్పు జవాబుకు గుండ్రం ఎంత నల్లగా నింపాలో అంత నల్లగానూ నింపింది. ఆ తర్వాత ఇంకో రెండు అలాగే చెప్పాడు. ఒకదానికి ఎవరో తెలియని మనిషి పేరు చెప్పి, "వాన్ని పిలువుండ్రి" అన్నాడు. అది కలలోని మాట. ఆ తర్వాత బల్ల మీద చేతులు పెట్టుకుని, చేతుల మీద తల పెట్టుకుని నిద్రపోయాడు. ఆవిడ పిలిచింది, తట్టింది, చెవి దగ్గర నోరు పెట్టి ఎల్లేషూ ఎల్లేషూ అంది. అతను ఊఁ అని మళ్ళీ నిద్రలోకే వెళ్ళాడు.

ఇన్విజిలేటర్ కాసేపు చూసింది. లేచి నిలబడి, "నేను జర వరండాల ఉంటనమ్మా" అని నెమ్మదిగా అంది. గదిలోకి వీపు పెట్టి, బయట చెట్టువైపు చూస్తూ నిలబడింది. ఎందుకు వెళ్ళిందో విద్యావతికి అర్థమైంది.

పెన్ను చేతిలో ఉంది. ప్రశ్నలు కళ్ళముందున్నాయి. అందులో సగానికి పైగా ఆవిడకు జవాబులు తెలుసు. నెలల తరబడి చదివి వినిపించిన నోరు కదా, ఎక్కడికి పోతాయి? పెన్ను మొన ఒక గుండ్రం మీదికి తీసుకెళ్ళింది. నింపితే ఎవరడుగుతారు? అతని తలలో ఉన్నవే ఇవి, ఏ రాత్రిపూటో అతను మేలుకుని ఉన్నప్పుడు అడిగితే ఠక్కున చెప్పేవాడే. అతని జవాబులు అతని పేరు మీద నింపడం దొంగతనమెట్లా అవుతుంది? గేటు బయట బుగ్గమ్మ ఎండలో కూర్చుని ఉంది.

కానీ అతను చెప్పలేదు. ఎటు నడవాలో, ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో అందరూ అతని చెయ్యి పట్టుకుని నిర్ణయించినవాళ్ళే. ఈ కాగితం మీదొక్కటే అతను నోటితో చెబితే తప్ప ఏదీ జరగదు. ఇదీ తీసుకుంటే అతనికేం మిగులుతుంది? అలా అనుకుంది. పట్టుబడితే కిషన్ రావు పరువేమవుతుందనీ అనుకుంది. తనను ఆపింది ధర్మమో భయమో ఆవిడకు ఆ రోజూ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. పెన్ను పక్కన పెట్టేసి, తర్వాతి ప్రశ్న పైకి చదివింది. అతను చెబుతాడేమోనని ఆగింది. చెప్పలేదు. ఆ తర్వాతిది చదివింది. నిద్రపోతున్న మనిషికి ఒక్కొక్కటే చివరిదాకా చదివి వినిపించింది. ఇన్విజిలేటర్ వరండాలో నుంచి ఒకసారి తిరిగి చూసి, కొంగుతో కళ్ళొత్తుకుంది.

గంట మోగితే ఎల్లేష్ లేచాడు. కాసేపు ఎక్కడున్నాడో తెలియలేదు. తెలిశాక కదలకుండా కూర్చున్నాడు. జవాబుల కాగితం తీసుకెళ్ళారు, ప్రశ్నల పుస్తకం విద్యావతి సంచిలో పెట్టుకుంది. వరండాలో నడుస్తుండగా అడిగాడు.

"నేను పండుకున్నంక... మీకు తెల్సినయన్న పెట్టిండ్రా అమ్మా?"

ఆ గొంతులో ఉన్న ఆశ విని విద్యావతికి అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది.

"లేదు బిడ్డా."

అతను నాలుగడుగులు వేశాడు. "మంచిగ చేసిండ్రు" అన్నాడు. ఇంకో నాలుగడుగులు వేసి, "పెట్టి ఉంటే నేను వద్దనకపోదును. ఊర్కుందును" అన్నాడు. అద్దాల కింది నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. గేటు దగ్గర బుగ్గమ్మ ఎదురొచ్చి "మంచిగ రాసినవా బిడ్డా?" అనడిగితే, "రాసిననే అవ్వా" అన్నాడు. ఆ ఒక్క అబద్ధం ఆడటానికి ఒంట్లో మిగిలిన శక్తంతా ఖర్చుపెట్టినట్టు ఆటోలో కూలబడి నిద్రపోయాడు.

ఆ సాయంత్రం కిషన్ రావు దుకాణం కట్టేసి వచ్చాడు. తనే అన్నం వడ్డించుకుని ఆవిడకూ ఒక కంచం పెట్టాడు. "పెట్టుండాల్సిందండి నేను" అంది విద్యావతి. "ఎవరికి నష్టం? పెట్టుండాల్సింది." ఆయన ఆవిడ కంచంలో చారు పోశాడు. అంతలో ఫోన్ మోగింది.

"అమ్మా, తిన్నరా?" అన్నాడు ఎల్లేష్. గొంతు కడిగిన గిన్నెలా తేటగా ఉంది. "పేపర్ మీ కాడనే ఉన్నది గద. ఒక్కపారి చదువుతరా?"

"ఇప్పుడెందుకు బిడ్డా?"

"చదువుండ్రి."

విద్యావతి సంచిలోంచి ప్రశ్నల పుస్తకం తీసి మొదటిది చదివింది. ఆవిడ ఆప్షన్లు చదవడం పూర్తి చేయకముందే అతను చెప్పేశాడు. రెండోది చెప్పాడు, మూడోది చెప్పాడు. ఒక్కటీ తప్పు పోలేదు. కిషన్ రావు అన్నం చెయ్యి ఎండిపోతున్నా కదలకుండా వింటున్నాడు.

"మూసీ ఏ నదిలో కలుస్తుంది?" అని చదివింది ఆవిడ.

"కృష్ణల. వాడపల్లి కాడ" అన్నాడు వెంటనే. "గింత అల్కటిది, చిన్నపిల్లలకిచ్చినట్టు ఇచ్చిండ్రా?" అని నవ్వాడు కూడా. పొద్దున దానికి తనేం చెప్పాడో అడగలేదు. ఆవిడా చెప్పలేదు. మెలిక పెట్టిన ప్రశ్న వస్తే, "ఆగుండ్రి, ఆగుండ్రి" అని నాలుక చప్పరించి, సరైనదే పట్టుకునేవాడు. పొద్దున నిద్రపోతున్న అతని చెవిలో ఆవిడ చదివిన ప్రతి ప్రశ్నకూ ఇప్పుడు జవాబు వస్తోంది. నింపడానికి కాగితం లేదు. విద్యావతి కుడిచేతి బొటనవేలు పెన్ను పట్టుకున్నట్టే చూపుడువేలి మీద కదులుతూ ఉంది.

చివరి ప్రశ్న అయిపోయింది. అటువైపు నుంచి అతని ఊపిరి వినబడుతోంది.

"ఐపోయినయా అమ్మా?"

"ఐపోయినయి బిడ్డా."

"ఇంకేమన్న చదువుండ్రి. అందరు పండుకునే యాళ్ల అయింది, నాకు ఇప్పుడే తెల్లారింది."

విద్యావతికి చేతికి ఇంకేమీ దొరకలేదు. పుస్తకం మళ్ళీ మొదటి పేజీకి తిప్పి, మొదటి ప్రశ్న చదివింది. అతను మళ్ళీ సరిగ్గానే చెప్పాడు.